గట్టు మీది వానకోయిల

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. చెరువు కింది నల్లరేగడి మళ్ళల్లో ఆ పగుళ్ళలోకి చెయ్యి దూరేది. మృగశిర వచ్చి మొదటి గట్టివాన కొట్టి ఆ పగుళ్ళు పూడుకున్న మర్నాడు పొద్దున్నే పొలం వైపు వెళ్ళేవాళ్ళకి ఏం కనిపించేదో, ఎనభైల్లో, తొంభైల్లో పల్లెల్లో పెరిగినవాళ్ళెవర్ని అడిగినా చెప్తారు. ఇసుక నేల మీద ఎర్ర మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు. రాత్రంతా అరిచి గొంతు బొంగురుపోయినా ఆపని కప్పలు. గట్టు మీది గరికలోంచి తుంగలోకి జారిపోయే రెండు పసుపు గీతలు.

ఆ గీతల పాము పేరు వానకోయిల. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ఆ పేరే అంటారు. పాముకి కోయిల పేరు, అందులోనూ వానతో కలిపి! పాముల పేర్లు చాలావరకు భయంలోంచి పుడతాయి. రక్తపింజరి అన్న మాట వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. వానకోయిల అలా కాదు. వాన కోసం ఆకాశం వంక చూసే రైతుకి, వానతో పాటు గట్టెక్కి కనిపించే పాము మీద భయం కన్నా చనువే ఎక్కువ. మనవాళ్ళు ఈ పాముకి పెట్టిన పేరులో ఆ చనువు వినిపిస్తుంది.

ఈ పేరు చాలా పాతది. పాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1781లో విశాఖపట్నం వచ్చి, తరవాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. కోరమండల్ తీరం పాముల మీద 1796లో పెద్ద బొమ్మల పుస్తకం వేయించాడు. బొమ్మల పక్కన ఇక్కడి జనం చెప్పిన తెలుగు పేర్లనే, తన చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. రక్తపింజరికి 'కాటుక రేకుల పొడ' అని రాశాడు, ఎంత అందమైన పేరో! మన గీతల పాముకి 'వన్న పాము' అనీ 'వన్న కోగ్లి' అనీ ఉంటుంది. ఆ రెండో మాటని రెండుసార్లు పైకి చదివితే వానకోయిల వినపడుతుంది. అంతకు ముందే 1758లో స్వీడన్‌లో లిన్నేయస్ దీనికి 'స్టోలాటస్' అని లాటిన్ పేరు పెట్టి ఉన్నాడు. స్టోలా అంటే రోమన్ స్త్రీలు కట్టుకునే పొడుగాటి వస్త్రం. ఒంటి పొడవునా సాగే గీతలు ఆయనకి ఆ వస్త్రం అంచుల్లా కనిపించాయేమో. హిందీవాళ్ళకి అవే గీతలు సీతమ్మ జడపాయలా కనిపించాయి, 'సీతా కీ లట్' అన్నారు. మరాఠీలో నానేటి, బెంగాలీలో హేలే. పాకిస్తాన్ నుంచి శ్రీలంక, బర్మా, దక్షిణ చైనా, తైవాన్ దాకా వరి పండే చోటల్లా ఏదో ఒక పేరుతో ఉంది.

చూడ్డానికి చిన్న పాము. మామూలుగా మూరెడు, అంటే 40 నుంచి 50 సెంటీమీటర్లు. బాగా పెరిగినది 80 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు కానీ అది అరుదు. ఆడది మగదాని కన్నా పొడుగు, లావు. మొత్తం పొడవులో నాలుగోవంతు తోకే. ఒళ్ళు మాగిన ఎండుగడ్డి రంగులో, కాస్త ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. వెన్నుకి అటొకటి ఇటొకటి రెండు పసుపు గీతలు. మెడ దగ్గర అవి అంత తేటగా ఉండవు, అక్కడ నల్లటి అడ్డపట్టీలదే పైచేయి. నడుము దాటాక పట్టీలు పలచబడి గీతలు తేలతాయి. నల్లపట్టీ మీదుగా పసుపు గీత దాటే ప్రతిచోటా ఒక తెల్లటి చుక్క. దగ్గర్నుంచి చూస్తే ముగ్గు వెయ్యబోతూ వరసగా పెట్టుకున్న చుక్కల్లా ఉంటాయి. పొట్ట మీగడ రంగు, పొట్ట పలకల రెండు అంచుల్లోనూ చిన్న నల్లచుక్క. పెదవులు లేత పసుపు, గుండ్రటి కంటిపాప, కంటికి ముందూ వెనకా కాటుక కిందికి జారినట్టు పొట్టి నల్ల చారలు. గడ్డం తెల్లగా ఉంటుంది, కొన్నింటికి నారింజ రంగు తిరుగుతుంది.

ఆ గీతలు ఊరికే అందానికి కాదు. అడ్డపట్టీలున్న పాము కదిలితే పట్టీలు జరగడం కంటికి తెలుస్తుంది. నిలువు గీతల పాము గడ్డిలో సాగిపోతుంటే గీత గీతలాగే ఉండిపోయి, కదులుతోందో లేదో అర్థం కాదు. చూస్తుండగానే ఒక్కసారిగా తోక కొస కనిపించి మాయమైపోతుంది. కొంగలూ, గద్దలూ, ముంగిసలూ తిరిగే గట్టు మీద మూరెడు పాము పగటిపూట తిరుగుతూ కూడా బతికిందంటే ఇందుకే. అవును, ఇది పగటి పాము. పొద్దున ఎండ కాస్త వేడెక్కాక బయల్దేరుతుంది, మిట్టమధ్యాహ్నం గడ్డి దుబ్బు మొదట్లో నీడకి చేరుతుంది, చల్లబడ్డాక మళ్ళీ తిరుగుతుంది. రాత్రిళ్ళు ఎలుక బొక్కలో, ఎండ్రకాయ బొరియలో, ఇటుకల కుప్పలో, గడ్డివాము అడుగున ఉంటుంది.

దాని బతుకంతా కప్పతో ముడిపడింది. చేపపిల్లలు, వానపాములు, చిన్న బల్లులు దొరికితే వదలదు గానీ అసలు తిండి కప్పే. ఒంటి నిండా పులిపిర్లలాంటి బుడిపెలుండే కప్పని కుక్క నోట పట్టిందంటే నురగలు కక్కుతుంది. దాని కళ్ళ వెనక ఉబ్బుగా ఉండే గ్రంథుల్లో విషం ఉంటుంది. వానకోయిల దాన్ని కూడా మింగి అరిగించుకుంటుంది. ఈ పాముకి విషం లేదు, జెర్రిపోతులా ఒత్తి పట్టేంత బలమూ లేదు, కొండచిలువలా చుట్టి చంపడమూ రాదు. అందుకని పట్టిన కప్పని బతికుండగానే మింగుతుంది. చాలాసార్లు వెనక కాలు దొరుకుతుంది, అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది. కప్ప గాలి పీల్చి ఒళ్ళు ఉబ్బించుకుంటుంది, గొంతులోకి పోకుండా. పాము పై దవడలో వెనక పళ్ళు ముందువాటి కన్నా పెద్దవి. జారే కప్పని అవి గుచ్చి పట్టుకుంటాయి. ఒక్కోసారి ఇదంతా పావుగంట నడుస్తుంది. అప్పుడు కప్ప పెట్టే కేక మామూలు బెకబెక కాదు, సన్నగా, సాగదీసినట్టు, చంటిపిల్ల ఏడుపులా ఉంటుంది. నాట్లు వేసే ఆడవాళ్ళు వంచిన నడుము ఎత్తకుండానే ఆ కేక విని, పాము కప్పని పట్టిందని చెప్పేవాళ్ళు. చూడక్కర్లేదు, చెవికే తెలిసేది.

వాన కోసం కప్పని రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయించుకునే కప్పతల్లి ఆట ఆడిన ఊళ్ళే ఇవన్నీ. వానని కప్ప పిలిచేది, కప్ప వెంట వానకోయిల వచ్చేది.

ఎవరైనా అడ్డం వస్తే దాని మొదటి పని పారిపోవడమే. దారి లేకపోతే చేసే పని మాత్రం చూసితీరాలి. గాలి పీల్చి ఒళ్ళు ఉబ్బిస్తుంది, మెడ చదును చేసి సన్నటి పడగలా పరుస్తుంది. అప్పటిదాకా ఎండుగడ్డి రంగులో ఉన్న చర్మం సాగి, పొలుసుకీ పొలుసుకీ మధ్య దాక్కున్న రంగు బయటపడుతుంది. కొన్నింట్లో లేత నీలం, కొన్నింట్లో ఎరుపు. తీరప్రాంతాల్లో ఎరుపువి ఎక్కువగా కనిపిస్తాయి. ఆ మెడ చూసి నాగుపాము పిల్ల అనుకుని కొట్టి చంపినవి లెక్కలేనన్ని. బెదిరించి బతకాలని చేసిన వేషమే దాని ప్రాణం తీస్తుంది. నాగుపాము పడగ పట్టినప్పుడు ఒంట్లో మూడోవంతు పైకి లేస్తుంది, పొలుసులు నున్నగా మెరుస్తాయి. దీని తల నేలకి దగ్గరగానే ఉంటుంది, పొలుసులు గరుకు, మెడ వెడల్పు వేలెడు కూడా పెరగదు. చేత్తో పట్టుకున్నా కరవడం చాలా అరుదు. తోక మొదట్లోంచి ఒక ఘాటు వాసన ద్రవం వదులుతుంది, అంతే. సబ్బుతో రెండుసార్లు కడిగితే గానీ ఆ వాసన పోదు.

పాము కంటబడకపోయినా కుబుసం కనబడేది. గట్టు రాళ్ళ సందుల్లో, ముళ్ళకంప మొదట్లో, గడ్డివాము వారన. కుబుసం చదవడం తెలిస్తే పాముని చూసినట్టే. ముందుగా గుర్తుంచుకోవాల్సింది, కుబుసం సాక్స్ తీసినట్టు లోపలిది పైకి వస్తుంది, సాగుతుంది కూడా. కాబట్టి పాము అసలు పొడవు కుబుసం కన్నా తక్కువ. ఎండినదాన్ని లాగితే పొడైపోతుంది. కాసిని నీళ్ళు చిలకరించి పది నిమిషాలాగితే మెత్తబడుతుంది, అప్పుడు తెల్లకాగితం మీద పరిచి వెలుగుకి పెట్టాలి. ఒంటి మధ్యభాగంలో పొలుసుల వరసలు ఏటవాలుగా లెక్కపెట్టుకోవాలి. వానకోయిలకి 19 వరసలు. ప్రతి పొలుసు నడిమధ్యన పడవ అడుగు చెక్కలాంటి సన్నటి గట్టు, పొట్ట పక్కనున్న చివరి వరసకి మాత్రం అది ఉండదు. వేలితో తోక నుంచి తల వైపు రాస్తే ఆ గరుకు తెలుస్తుంది. నీరుకట్టు పాముకీ 19 వరసలే ఉంటాయి గానీ అది పెద్ద పాము, పొలుసులూ పెద్దవి. కట్లపాము కుబుసమైతే పొలుసులు నున్నగా ఉంటాయి, వరసలు 15 చుట్టూ ఉంటాయి, వెన్ను మీది వరస మిగతావాటి కన్నా పెద్దగా ఆరు పలకలుగా ఉంటుంది. ఇంకా తేలిక గుర్తు తోక కింద ఉంటుంది. వానకోయిలకి తోక కింద పొలుసులు జంటలు జంటలుగా, జడ అల్లినట్టు కలుస్తాయి. కట్లపాముకి ఒక్కొక్క పొలుసే అడ్డంగా తోక కొసదాకా నిచ్చెన మెట్లలా పోతుంది. నాగుపాముకీ, రక్తపింజరికీ కూడా తోక కింద జంటలే ఉంటాయి. అందుకని ఈ ఒక్క గుర్తుతో విషం లేదని తేల్చెయ్యకూడదు. ఒంటి గరుకు, వరసల లెక్క, పొట్ట అంచుల్లో చుక్కలు, మూడూ కలవాలి. రక్తపింజరి కుబుసం కూడా గరుకే, కానీ వరసలు మామూలుగా 27కి తగ్గవు.

ఎండాకాలం ఏమయ్యేదీ పాము అని పిల్లలు అడిగేవాళ్ళు. గడ్డి మాడిపోయి కప్పలు మట్టిలోకి దిగిపోయాక ఇదీ నేలలోకే దిగుతుంది. పుట్టలో, లోతైన పగులులో, చెట్టు వేళ్ళ కింద. జతకట్టడం కూడా ఆ దాగుడు రోజుల్లోనే అంటారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు గుడ్లు పెడుతుంది, 3 నుంచి 15 దాకా. తెల్లగా, మెత్తటి తోలు పెంకుతో ఉంటాయి. బల్లిగుడ్డు గుండ్రంగా, గట్టిగా, గోటితో కొడితే పగిలేలా ఉంటుంది, ఇది అలా ఉండదు, నొక్కితే సొట్ట పడుతుంది. తల్లి గుడ్ల దగ్గరే ఉండిపోతుంది, పిల్లలయ్యేదాకా. ఇంత చిన్న పాముకి అంత ఓర్పు! పిల్లలు జానెడు కూడా ఉండవు. అవి బయటికొచ్చే రోజులూ, తోకలు రాలిన బుడత కప్పలు నీటి మడుగుల్లోంచి గడ్డిలోకి గెంతే రోజులూ దాదాపు ఒకటే.

గట్టు తవ్వుతుంటేనో, పేడకుప్ప ఎత్తుతుంటేనో గుడ్లు బయటపడితే చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పకూడదు. లోపలి పిండం పెంకుకి అతుక్కుని ఉంటుంది, తలకిందులైతే చచ్చిపోతుంది. ఎటు పైకి ఉందో పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, అదే పక్క పైకి ఉండేలా, పక్కనే నీడలో జానెడు లోతు గుంటలో తేమ మట్టి మధ్య పెట్టి వదులుగా కప్పాలి. తడి ముద్దమట్టి పనికిరాదు, గాలాడక కుళ్ళుతాయి. పిడికిట పిసికి వదిలితే ఉండకట్టి, వేలితో తాకితే విడిపోయే మట్టి కావాలి.

ఇప్పుడు గట్లు అవి కావు. అప్పట్లో మడికీ మడికీ మధ్య గట్టు ఇద్దరు ఎదురెదురుగా నడిచేంత ఉండేది. గరిక, తుంగ, గుంటగలగర, పొన్నగంటి, అన్నీ దాని మీదే. పశువులకి రోజూ ఒక మోపు కోసుకొచ్చేవాళ్ళు, అందుకే గడ్డి అదుపులోనూ ఉండేది, ఆగకుండా చిగురూ వేసేది. పశువులు పోయాయి, కోసేవాళ్ళు లేరు. గట్లు చెక్కీ చెక్కీ అడుగు వెడల్పుకి దిగాయి, పిల్లకాలవలకి సిమెంటు పడింది. సిమెంటు కాలవలో పడిన బుడత కప్ప పైకి ఎక్కలేదు, దాని వెంట దిగిన పామూ నిలువుగోడ ఎక్కలేదు. గట్టు మీద గడ్డికి కలుపుమందు కొడితే వారంలో అంతా పసుపుపచ్చగా ఎండిపోతుంది. చూడ్డానికి శుభ్రంగానే కనబడుతుంది. నేల తేమ పోతుంది, పురుగు పోతుంది, పురుగుని తినే కప్ప పోతుంది. ఆ తరవాత ఆకుచుట్టు పురుగుకి ఇంకో మందు కొంటాం. కోత మిషను వదిలిన గడ్డికి నిప్పు పెడితే వారనున్న పాములూ, తొండలూ కాలిపోతాయి. నిప్పు నాలుగు వైపులా పెట్టకుండా ఒక్క వైపు నుంచే పెట్టినా కొన్నైనా బతుకుతాయి. అసలు పెట్టకపోతేనే మంచిది.

గట్టు గడ్డిని అదుపులో పెట్టడానికి మందు అక్కర్లేదు. మిషనుతో కోసినా సరే, బ్లేడు నేలకి నాలుగైదు వేళ్ళ ఎత్తున ఉండాలి. నేలకంటా గీరితే పాముని కోసేస్తుంది, గట్టు మట్టి కూడా వానకి జారుతుంది. మొదట కర్రతో గట్టు పొడవునా తట్టుకుంటూ పోవాలి, తరవాత ఒక చివర నుంచి రెండో చివరికి కోసుకుంటూ పోవాలి. రెండు చివర్ల నుంచీ మధ్యకి వస్తే మధ్యలో ఉన్న జీవికి దారి ఉండదు. ఆఖరి రెండు బారల గడ్డి ఆ పూటకి వదిలెయ్యాలి. ఒక వారం గట్టు ఎడమ వాలు, ఇంకో వారం కుడి వాలు కోస్తే ఎప్పుడూ ఒక పక్క నీడ ఉంటుంది. సిమెంటు కాలవలో ప్రతి యాభై అడుగులకీ నాలుగు రాళ్ళు మెట్టులా పేర్చినా, గోనెసంచీ తడిపి వేలాడేసినా పడినవి ఎక్కిపోతాయి.

ఇంకో ఉపద్రవం వలలు. కూరగాయ మళ్ళ చుట్టూ పాత చేపలవల కడుతున్నారు, అడవిపందులకనీ కోళ్ళకనీ. పాము తల దూర్చి, మెడ దాటాక లావైన చోట ఇరుక్కుంటుంది. పొలుసులు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి వెనక్కి రాలేదు, ముందుకి నెట్టేకొద్దీ దారం బిగిసి చర్మం తెగుతుంది. ఎండ పొడలో రెండు మూడు గంటలు ఉంటే చచ్చిపోతుంది. లాగి తియ్యబోతే నడుము విరుగుతుంది, వేలెడు మందం కూడా లేని వెన్ను అది. వానకోయిలే అని ఖాయమైతేనే ముట్టుకోవాలి. తడిగుడ్డ తల మీద కప్పి, వల ముక్కని పాముతో సహా ముందు కత్తిరించి నీడకి తేవాలి. కొస మొండిగా ఉన్న చిన్న కత్తెరని ఒంటికి ఆనించి, దారం కిందకి పక్కవాటుగా దూర్చి, ఒక్కొక్క పోగే తెంచాలి. ఒక్క పోగు కూడా మిగలకూడదు, మిగిలితే అది మాంసంలోకి దిగుతుంది. వలని నేల నుంచి జానెడు పైకి కడితే ఈ గొడవే ఉండదు. ఏ పామో తెలియకపోతే అటవీశాఖకో, పాములు పట్టేవాళ్ళకో కబురు పెట్టాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవాళ్ళు ఏళ్ళుగా ఈ పని చేస్తున్నారు.

ఇంట్లోకి వచ్చిందని కిరసనాయిలు, ఫినాయిలు పోస్తుంటారు. అవి ఒళ్ళు మండి ఏ మూలకో దూరేలా చేస్తాయి తప్ప బయటికి పంపవు. తలుపు తీసి, లోపలి గదుల గడపల కింద గుడ్డలు కుక్కి, అందరూ ఒక పక్కకి తప్పుకుంటే గోడ వారనే పాక్కుంటూ అదే బయటికి పోతుంది.

కట్లపామనుకుని దీన్ని కొట్టడం మరీ బాధ. కట్లపాము నల్లగా నిగనిగలాడుతుంది, దాని తెల్లకట్లు ఒంటికి అడ్డంగా ఉంటాయి, తిరిగేది రాత్రిపూట. దీని గీతలు నిలువుగా ఉంటాయి, ఒంటికి నిగనిగ లేదు, తిరిగేది పట్టపగలు. అయినా ఒక మాట గట్టిగా చెప్పాలి. చీకట్లో ఏదో కరిస్తే 'వానకోయిలేలే' అనుకుని పడుకోకూడదు. కట్లపాము కాటుకి చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి. తాడు కట్టకుండా, గాటు పెట్టకుండా, ఆ కాలో చెయ్యో కదలకుండా చూసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ కలిపి తయారైనదే. పాముని పట్టి తీసుకెళ్ళక్కర్లేదు.

పునర్వసులో నాట్లు అయిపోయి మళ్ళల్లో నీళ్ళు కదలకుండా నిలిచిన రోజుల్లో, కలుపుమందు పడని గట్టు ఎక్కడైనా మిగిలి ఉంటే, వాన వెలిసిన పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య వెళ్ళాలి. చెప్పుల చప్పుడు కాకుండా గట్టు మొదట్లో ఎండ వీపుకి తగిలేలా కూర్చుంటే చాలు. ముందు కప్పలు ఒక్కొక్కటే మానేసిన పాట అందుకుంటాయి. కాసేపటికి గట్టుకి అటు పక్క కప్పలు ఉన్నట్టుండి ఆగిపోతాయి. తుంగ మొదట్లో గడ్డిపరక ఒకటి గాలి లేకుండానే వంగుతుంది. ఆ పరక కిందే చూడాలి. లేత పసుపు పెదవి, నల్లటి కాటుక చార, రెప్ప వెయ్యని గుండ్రటి కన్ను.